మీకు కరెంటు ఉందా?

హనుమాన్ జంక్షన్‌లో ఉదయం తొమ్మిదీ నలభైకి లాజరు టీ గ్లాసు అందుకున్నాడు. తొమ్మిదీ నలభై రెండుకి చచ్చిపోయాడు.

మధ్యలో జరిగింది ఇంతే. ఏలూరు వైపు నుంచి ఒక మోటార్ సైకిల్ వచ్చి టీ కొట్టు ముందు స్లో అయింది. వెనక సీటు మీది మనిషి చేతిలోని మడిచిన గొడుగు మొన లాజరు పిక్కకి సూదిలా గుచ్చుకుంది. "సారీ అన్నా" అన్నాడు ఆ మనిషి. హంతకుడే గానీ మర్యాదస్తుడు. బండి నూజివీడు రోడ్డు పట్టుకుని పోయింది. ఫిబ్రవరిలో గొడుగెందుకురా అని ఎవరికైనా అనుమానం వచ్చేలోగా లాజరు బల్ల మీద పక్కకి ఒరిగాడు.

రోడ్డుకి ఇవతల నల్ల కళ్లద్దాలతో, కుడి చేతికి మోచెయ్యి దాటి ప్లాస్టర్ కట్టుతో నిలబడ్డ నలభై మూడేళ్ల మనిషి పేరు ఫిన్నీ. చెయ్యి విరగలేదు. ఆ కట్టు లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది, రిసీవర్ ఉంది, భరించలేనంత దురద ఉంది. తొమ్మిదీ నలభై అయిదుకి అతను వెళ్లి "గుడివాడ బస్సు ఇక్కడ ఆగుతుందాండీ?" అని అడగాలి. "ఆగదండీ, మనమే ఆపుకోవాలి" అని లాజరు చెప్పాలి. అదీ కోడ్. మూడు నిమిషాల తేడాతో ఆ జవాబు చెప్పే నోరు లేకుండా పోయింది.

ఫిన్నీ లారీలకి అడ్డంపడి పరుగెత్తాడు. లాజరు తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"చెల్లెమ్మ..." అన్నాడు లాజరు. అంతే. బిగించిన గుప్పిట వదులైంది.

అందులో వేలెడు పొడుగున్న అట్ట కార్డు ఒకటి ఉంది. క్రైస్తవుల ఇళ్లలో వాగ్దానాల పెట్టె అని ఒకటుంటుంది. నిండా ఇలాంటి కార్డులే, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. డిసెంబరు ముప్ఫై ఒకటిన ప్రార్థన అయ్యాక ఇంటిల్లిపాదీ కళ్లు మూసుకుని తలా ఒక కార్డు తీస్తారు. ఏది వస్తే అదే ఆ సంవత్సరానికి దేవుడి మాట. నచ్చలేదని తిరిగి పెట్టేసి ఇంకోటి తీయకూడదు. ఈ కార్డు అంచున ఉన్న నూనె మరక ఫిన్నీకి తెలుసు. అది ఉయ్యూరులో వాళ్లింటి పెట్టెలోది. ముందువైపు ఓర్పు గురించి ఒక వాక్యం. వెనకవైపు పెన్సిల్‌తో అతని భార్య కృప చేతిరాత.

"నాలుగు నెలల నుంచి చెప్తూనే ఉన్నాను. వినపడట్లేదా?"

*

ఆటోనగర్ మూడో రోడ్డులో ఒక రేడియేటర్ల షాపు ఉంది. దాని వెనక ఇనప తలుపు. తలుపు వెనక మెట్లు. మెట్ల కింద దేశంలోకెల్లా చిన్న రహస్య విభాగం. ముందు షాపు దొంగ షాపే అయినా రోజూ నిజం కస్టమర్లు వచ్చి ప్రాణాలు తీస్తుంటారు కాబట్టి, చీఫ్ వెంకటకృష్ణారావు గారు రిటైరయ్యే వయసులో సోల్డరింగ్ నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆయన చేతులకి గ్రీజు తుడుచుకుంటూ కార్డు చదివారు. రెండోసారి చదివారు.

"ఏం చెప్పిందయ్యా నాలుగు నెలల నుంచి? మనకి ఒక్క ముక్క అందలేదే!"

"అందలేదు సార్."

"మరి?"

"తెలీదు సార్."

"నాకు తెలుసు. ఢిల్లీకీ తెలుసు. మీ ఆవిడ ప్లేటు ఫిరాయించింది."

విషయం ఇది. సముద్రం పొడవునా ఉన్న రాడార్ పోస్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి రహస్య తాళాలు కావాలి. తాళం అంటే సున్నాలూ ఒకట్లూ కలిసిన వరస. ఎవరూ ఊహించలేని వరస. దాన్ని తయారుచేసేది ఈ గదిలో మూల కూర్చున్న నాయిస్ బాక్స్. రాత్రింబవళ్లు అది నాణెం ఎగరేసినట్టు సున్నా, ఒకటి, ఒకటి, సున్నా అని కక్కుతూనే ఉంటుంది. ఈ సాయంత్రం ఆరింటికి ఆ కొత్త తాళాలు అన్ని పోస్టుల్లోకీ ఎక్కుతాయి. వాటి మీద కన్నేసిన విదేశీ ముఠా ఒకటి ఉయ్యూరు అవతల ఒక ఐస్ ప్లాంట్‌లో రొయ్యల ఎగుమతి కంపెనీ పేరుతో దుకాణం పెట్టింది. దానికి ఇక్కడి పెద్దమనిషి హర్షవర్ధన్. ఆ ముఠాలోకి మూడేళ్ల క్రితం ఈ విభాగం పంపిన మనిషే కృప. కోపంతో ఉద్యోగం మానేసిన గణిత శాస్త్రజ్ఞురాలు, మొగుణ్ణి వదిలేసిన అందగత్తె, డబ్బిస్తే ఎటైనా తిరిగే మనిషి. అదీ ఆమె వేషం.

వేషం నిలబడాలంటే విడాకులు కావాలన్నారు చీఫ్. సరేనన్నారిద్దరూ. బందరు రోడ్డులో ఒక పెద్ద హోటల్ లాబీలో, ముఠా మనుషులు చూస్తుండగా, కృప అతన్ని అరగంట దులిపేసింది. తర్వాత కోర్టు, సంతకాలు. ఆ రోజు మెట్లు దిగుతుంటే ఫిన్నీ ఎవరూ చూడకుండా ఆమె వెన్ను తట్టి, "అదరగొట్టావు కృపా!" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఇప్పటికీ ఉయ్యూరు ఇంట్లో ఆమె చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. మిషన్ అయిపోతే వేసుకుంటుందని ఉంచాడు.

"ఆరూ పదికి ఐస్ ప్లాంట్ మీద రెయిడ్," అన్నారు చీఫ్. "లోపల దొరికిన ప్రతివాడూ శత్రువే. కృప కూడా. ఎదురు తిరిగితే కాల్పులే. ఇది నా ఆర్డర్ కాదు, పైనుంచి వచ్చింది."

"ఆమె అటు వెళ్లలేదని చూపిస్తే?"

"ఆరులోగా చూపించు."

టైము పన్నెండైంది.

*

ఫిన్నీ నాయిస్ బాక్స్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్కన ఆపరేటర్ సనోబర్. ఇరవై ఆరేళ్ల పిల్ల, చురుకైంది. తెలియనిది తెలియదని చెప్పే మంచి అలవాటున్న మనిషి.

"కృప కబుర్లు మోసుకొచ్చే లాజరు అన్నని నాలుగు నెలల నుంచి ముఠా వెంటాడుతోంది. అతని చేత ఆమె ఏమీ పంపలేకపోయింది," అన్నాడు ఫిన్నీ. "ఫోన్ లేదు, మెయిల్ లేదు. అయినా చెప్తూనే ఉన్నానంటోంది. సనోబర్, బయటి నుంచి ఈ గదిలోకి రోజూ వచ్చేదేముంది?"

"టీ వస్తుంది సార్."

"ఇంకా?"

సనోబర్ చుట్టూ చూసింది. చూపు మూలనున్న బాక్స్ మీద ఆగింది.

"ఇది లోపలిదే కదా సార్. అక్టోబర్‌లో ఫ్యాన్ పోతే రిపేరుకి పంపాం, అంతే... వచ్చి నాలుగు నెలలు..." అని ఆగిపోయింది.

ఫిన్నీ లేచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. మూత విప్పితే పైకంతా మామూలే. నాయిస్ పుట్టించే డయోడ్ కింద మాత్రం గోరంత చిప్ ఒకటి అదనంగా అతికించి ఉంది. డయోడ్ ఉత్త అలంకారం. వరస మొత్తం చిప్‌లోంచే వస్తోంది. అంటే బాక్స్ నాణెం ఎగరెయ్యడం లేదు. ఎవరో ముందే రాసిచ్చిన పాఠం అప్పజెబుతోంది. ఆ పాఠం ముఠా దగ్గర కూడా ఉంది. సాయంత్రం ఆరయ్యాక సముద్రం పొడవునా మన మాటలన్నీ వాళ్లకి తెరిచిన పుస్తకమే.

అలాంటి పాఠం రాయగలిగిన మనిషి ఉయ్యూరు చుట్టుపక్కల ఒక్కతే ఉంది.

"చూశావా!" అన్నారు చీఫ్. "రాసింది మీ ఆవిడే. మన టెస్టులన్నీ పాసయ్యేంత బాగా రాసింది. ఇంకేం కావాలి నీకు? తాళాల లోడింగ్ ఎలాగూ ఆపేస్తాను. రెయిడ్ మాత్రం జరుగుద్ది."

ఫిన్నీ జేబులోని కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకపక్క కార్డు, ఒకపక్క చిప్. కార్డేమో చెప్తూనే ఉన్నానంటోంది. చిప్పేమో నాలుగు నెలలుగా మోసం చేస్తోంది. రెండూ ఆమెవే. రెండూ నిజమైతే, చెప్పింది ఆ మోసం లోపలే ఉండాలి.

పదిహేనేళ్ల వెనకటి యూనివర్సిటీ క్యాంటీన్ గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకే గైడు దగ్గర రీసెర్చ్ స్కాలర్లు. అంతులేని సున్నాల, ఒకట్ల వరసల్లో మామూలు వరస అంటే ఏది? ఇదీ వాళ్ల తగాదా. ఫిన్నీది రాండమ్ వరస. ఏ పరీక్ష పెట్టినా తప్పు దొరకనిది, నాణెంలాగా సగం సగం తూగేది, ఎంత దూరం పోతే అంతగా సగటుకి సర్దుకునేది. కృపది జెనరిక్ వరస. జెనరిక్ అనగానే మందుల షాపా అని అడిగేవాళ్లు స్నేహితులు. ఆమె ఓపిగ్గా చెప్పేది: "ఎప్పటికప్పుడు జరిగే వీలున్నది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరే వరస. దానికి సగటు పట్టదు. ఇప్పటిదాకా వచ్చిన మొత్తం కన్నా పొడుగ్గా ఉత్త సున్నాలే రావచ్చా? రావచ్చు. అయితే వస్తాయి. మళ్లీ వస్తాయి. వచ్చిన ప్రతిసారీ నీ సగటు మంటగలిసిపోద్ది."

"అయితే అది నా పరీక్షలో ఫెయిల్."

"నీదీ నా పరీక్షలో ఫెయిలే. తూకం వేసి చూస్తే లోకమంతా నీ రకమే. ఎన్ని దార్లు తెరిచి ఉన్నాయో చూస్తే లోకమంతా నా రకమే. ఎవరి కళ్లద్దాలు వాళ్లవి."

ఒక సంగతి మాత్రం ఇద్దరూ ఒప్పుకునేవాళ్లు. రాండమ్ వరస బాగా గట్టిదైతే దాన్ని పట్టుకుని ఓ మోస్తరు జెనరిక్ వరస లెక్కగట్టొచ్చు. జెనరిక్‌లోంచి రాండమ్ మాత్రం రాదు. ఇంకో మెట్టు పైకెళితే రెండూ పూర్తిగా తెగిపోతాయి. రెండు వరసల్లో దేన్ని పట్టుకున్నా లెక్కగట్టగలిగింది ఏదైనా ఉంటే, అది ఏ సాయం లేకుండా ఊరందరూ లెక్కగట్టగలిగేదే అయ్యుంటుంది. అంటే ఆ రెంటికీ ప్రత్యేకంగా ఉమ్మడిదంటూ ఏమీ లేదు. ఆ సిద్ధాంతం చదివిన సాయంత్రమే ఇద్దరూ పెళ్లి చేసుకుందామనుకున్నారు. ఆ వయసులో సిద్ధాంతాలకి ఎవరు భయపడతారు చెప్పండి!

ఫిన్నీ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

"సనోబర్! టెస్టుల ముందు ఈ వరసకి ఏం చేస్తావు?"

"మీ రూల్ ప్రకారమే సార్. సున్నాలు వరసగా రెండొందలు దాటి వస్తే కరెంటు పోయినట్టు లెక్క, కోసెయ్యమన్నారు. జనరేటర్ పడేదాకా బాక్స్ సున్నాలే ఇస్తుంది కదా. కోసేసి మిగతాది టెస్టుకి పంపుతా."

"కోసినవి పారేస్తావా?"

"పారెయ్యను సార్. టైమూ పొడుగూ రాసిపెడతా. మా నానమ్మ జమాల్ బీ దర్జీ పని చేసేది. గుడ్డపీలిక కూడా పారెయ్యనిచ్చేది కాదు."

నానమ్మకి దణ్ణం పెట్టాలి. తెరిచిన ఫైల్లో నాలుగు నెలల కోతలు అరవై ఎనిమిది ఉన్నాయి.

"వీటిలో నిజంగా కరెంటు పోయినవి ఎన్నో ఎలా తెలుస్తుంది?"

సనోబర్ క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్ తీసింది. ఆటోనగర్ మూడో రోడ్డు షాపులవాళ్ల వాట్సాప్ గ్రూపు. లేత్ మెషీన్లు, వెల్డింగ్ షాపులు, బాడీ బిల్డింగ్ వాళ్లు. ఇక్కడ కరెంటు పోయిన మరుక్షణం ఎవడో ఒకడు "మీకు కరెంటు ఉందా?" అని పెట్టాల్సిందే. ఆ తర్వాత నలుగురు "లేదు", ఇద్దరు దణ్ణం బొమ్మలు, ఒకడు దేశభవిష్యత్తు మీద వ్యాఖ్యానం. ఈ ఆనవాయితీకి తిరుగులేదు.

ఇద్దరూ టైములు సరిచూడటం మొదలుపెట్టారు. మూడింటికి అరవై సరిపోయాయి. ఎనిమిది మిగిలాయి. ఆ ఎనిమిదిసార్లూ గ్రూపులో ఎవరూ ఏమీ అడగలేదు. రోడ్డంతా కరెంటు ఉంది.

"పొడుగు చదువమ్మా."

"పావు సెకను. ఒక సెకను. నాలుగు. పదహారు. అరవై నాలుగు. తర్వాత నాలుగు నిమిషాల పదహారు సెకన్లు. పదిహేడు నిమిషాలు. పోయిన గురువారం గంటా ఎనిమిది నిమిషాలు." సనోబర్ గొంతు తగ్గింది. "ప్రతిదీ ముందుదానికి నాలుగింతలు సార్."

"ముందు వచ్చినవన్నీ కలిపినా దీనికి చాలవు," అన్నాడు ఫిన్నీ.

కరెంటు కోతలకి సగటు ఉంటుంది. వీటికి లేదు. ముఠా వాళ్లు మొదటి గంట వరసని పరీక్షించి సంతృప్తిపడి ఉంటారు. కృప ఆ తర్వాతి వరసలో పదిహేను రోజులకొకసారి ఒక మౌనం పెట్టింది. టెస్టు ఫెయిలవుతుంది, బాక్స్ మూలన పడేస్తారు, నా మాట వింటారు అనుకుంది. ఇక్కడేమో ఆ మౌనాలని ఎప్పటికప్పుడు కత్తిరించి, అంచులు శుభ్రంగా కుట్టేసి, పాస్ మార్కులు వేశారు. జనవరిలో కోతల సగటు పెరిగిందని ఫిన్నీకి రిపోర్ట్ వచ్చింది కూడా. అతను జనరేటర్ మెకానిక్‌ని పిలిపించాడు.

"సార్, నా తప్పా?" సనోబర్ కళ్లలో నీళ్లు.

"కాదమ్మా. రూల్ నాది."

ఫిన్నీ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ప్లాస్టర్ చెంపకి గరుగ్గా తగిలింది. కాపురంలోనూ ఇదే వరస. కృప మాట మానేసిన రోజులుండేవి. మొదట పూట, తర్వాత రెండ్రోజులు, తర్వాత వారం. సర్దుకుంటుందిలే అని పక్కకి నెట్టేసేవాడు. సగటున బాగానే ఉన్నాం కదా అనుకునేవాడు. ఆ ఆఖరి డిసెంబరు ముప్ఫై ఒకటిన ఆమె తీసిన కార్డు చదివి, మాట్లాడకుండా తిరిగి పెట్టేసి, ఇంకోటి తీసింది. "అదేంటి, రాండమ్‌ని మోసం చేస్తున్నావా?" అని అతను పగలబడి నవ్వాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కానీ ఇంకా మూడు గంటలుంది.

*

చీఫ్ వాట్సాప్ గ్రూపు మొత్తం చదివారు. తర్వాత ఢిల్లీతో పావుగంట మాట్లాడారు.

"వాళ్లు ఒప్పుకోవట్లేదయ్యా. ఆ సున్నాలు ప్రోగ్రాంలో తప్పు కావచ్చంటున్నారు. రెయిడ్ ఆగదు. ఆరూ పదిలోగా తనంతట తను బయటికొస్తే మన మనిషి. లోపలుంటే వాళ్ల మనిషి."

"పిలవాలి సార్."

"ఎలా పిలుస్తావు? ఫోన్ చేసి రమ్మంటావా?"

"ఆరింటికి వాళ్లు మన పోస్టుల మాటలు వినడానికి చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. పక్కన కృప ఉంటుంది. ఈ దొంగ తాళంతోనే మనం దొంగ మాటలు పంపుదాం. అసలు పోస్టులు పాత తాళంతోనే ఉంటాయి. మధ్యలో మౌనాలు పెడతాను. పావు, ఒకటి, నాలుగు, పదహారు, అరవై నాలుగు. ఎక్కడెక్కడ పెట్టాలో స్టోర్‌రూంలో ఉన్న పాత బాక్స్ చెబుద్ది. అది నిఖార్సైన రాండమ్. చూసేవాళ్లకి ఏ పద్ధతీ దొరకదు."

"మీ ఆవిడకి?"

"ఆమెకి పొడుగులు చాలు సార్."

అయిదున్నరకల్లా ఫిన్నీ ఉయ్యూరు శివార్లలో ఒక చెరకు రసం బండి దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. చెరకు క్రషింగ్ సీజన్. షుగర్ ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు రోడ్డంతా వరసకట్టి ఉన్నాయి. వాటిలో ఆరింటి డ్రైవర్లు చీఫ్ మనుషులు. ఎదురుగా చెరకు తోట, తోట అవతల ఐస్ ప్లాంట్ తెల్ల గోడ. ఆపద వస్తే కృప ఇదే బండి దగ్గరికొచ్చి "ఐస్ లేకుండా ఒకటి" అనాలని మూడేళ్ల క్రితం అనుకున్నారు.

ఆరయింది. ప్లాస్టర్‌లో సనోబర్ గొంతు పలికింది.

"మొదలైంది సార్."

ఆరూ ఒకటి. "పావు సెకను వెళ్లింది."

ఆరూ మూడు. "ఒక సెకను వెళ్లింది."

ఆరూ నాలుగుకి నాలుగు. ఆరూ ఆరుకి పదహారు. తోటలో ఆకు కదల్లేదు. ట్రాక్టర్ల మీద మనుషులు తుపాకులు గోనె పట్టాల కిందనుంచి దగ్గరికి లాక్కున్నారు. ఫిన్నీ చేతిలో రసం గ్లాసులో ఐస్ ఎప్పుడో కరిగిపోయింది.

ఆరూ ఎనిమిదీ యాభై. "అరవై నాలుగు మొదలు సార్. ఇదే ఆఖరిది."

ఫిన్నీ కళ్లు మూసుకున్నాడు. చెవిలో ఏమీ లేదు. చప్పుడు లేదు, గరగర లేదు. పది సెకన్లు. ఇరవై. ఒక్క నిమిషం మౌనం ఇంత పొడుగుంటుందని అతనికి తెలీదు. గంటా ఎనిమిది నిమిషాలు పంపిన మనిషి ఆ గంటా ఎనిమిది నిమిషాలూ ఎలా కూర్చుందో ఊహించబోయాడు. నలభై. యాభై. దేవా, అన్నాడు. యాభై అయిదు.

తోటలో చెరకు ఆకులు గలగలమన్నాయి.

ముదురు ఎరుపు పట్టు చీర, చెదిరిన జుట్టు, చేతిలో హై హీల్స్. వట్టి కాళ్లతో, పిక్కల మీద ఆకు కోతలతో కృప గట్టెక్కి రోడ్డు దాటింది. బండివాడి ముందు ఆగి, రొప్పుతూ అంది.

"ఐస్ లేకుండా ఒకటివ్వండి."

"అరవై నాలుగు పూర్తి సార్," అంది సనోబర్. "సార్? వచ్చారా సార్?"

ఆరూ పది. ఆరు ట్రాక్టర్లు ఒక్కసారిగా స్టార్టయ్యాయి. పది నిమిషాల్లో పని ముగిసింది. హర్షవర్ధన్‌ని రొయ్యల ట్రేల మధ్యనుంచి చేతులు పైకెత్తించి బయటికి నడిపించారు. సముద్రం మీద మాటలు ఎప్పటిలాగే రహస్యంగా సాగిపోతున్నాయి.

*

"చేతికేమైంది?" అంది కృప.

"ఏం కాలేదు. దొంగ కట్టు."

"హర్షవర్ధన్ ఏమన్నాడో తెలుసా? పదహారు సెకన్ల మౌనానికి స్క్రీన్ మీద గీత పడిపోయింది. 'పాపం వాళ్లకి కరెంటు పోయినట్టుంది మేడం' అన్నాడు. నేను బాత్రూమ్‌కని లేచాను."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు మధ్యలో ఆగింది.

"నువ్వూ అదే అనుకున్నావు కదూ?"

ఫిన్నీ తల వంచుకున్నాడు.

"మూడోదానికే అర్థమైంది, ఎవరో కోసేస్తున్నారని. ఎవరో కాదు, నువ్వేనని. అయినా నాలుగింతల చొప్పున ముందే రాసిపెట్టినవి ఇంకా ఉన్నాయి కదా అని ఎదురుచూశా. ఎప్పటికప్పుడు జరిగే వీలున్నది ఎప్పుడో జరిగి తీరాలి కదా, ఎప్పుడో వింటాడులే అని. చివరికి ఆ కార్డు లాజరన్న చేతికిచ్చా." చేతిలో హై హీల్స్ స్టూలు మీద పెట్టింది. "నా మాట చేరవెయ్యడానికి ఒక మనిషి చావాల్సి వచ్చింది ఫిన్నీ."

"తప్పంతా నాదే. పద కృపా, ఇంటికెళ్దాం. ఇక్కడికి అయిదు నిమిషాలు. నీ చెప్పులు కూడా అక్కడే ఉన్నాయి. మిషన్ అయిపోయింది. ఆ విడాకులు దొంగవే కదా, రేపే చీఫ్‌తో చెప్పి..."

కృప అతని ప్లాస్టర్ మీద చెయ్యి వేసింది.

"ఈ కట్టు దొంగది. ఆ కాగితం కాదు."

అతనికి అర్థం కాలేదు. అర్థమైంది గానీ కాలేదనుకున్నాడు.

"ఆ హోటల్లో నువ్వు నటించావు. నాకా అవసరం పడలేదు. నేనన్న ప్రతి ముక్కా నిజమే. అప్పుడైనా వింటావనుకున్నా. నువ్వేమో అదరగొట్టావని వెన్ను తట్టావు."

ట్రాక్టర్ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఫిన్నీ జేబులోంచి కార్డు తీశాడు.

"ఆ రోజు తిరిగి పెట్టేసింది ఇదేనా?"

"ఇదే. ఓర్చుకో అని వచ్చింది. అప్పటికి పదకొండేళ్లుగా ఓర్చుకుంటున్నా. మళ్లీ అదే వస్తే ఎవరికైనా తిరిగి పెట్టెయ్యాలనిపించదా? ఇంట్లోంచి వెళ్లేటప్పుడు నీకు కనపడకుండా పట్టుకుపోయా. నీకైనా రాకూడదని." ఆమె కళ్లు తుడుచుకుంది. "నువ్వు చెడ్డవాడివి కాదు ఫిన్నీ. సగటున చాలా మంచివాడివి."

నల్ల కారు వచ్చి ఆగింది. దాన్లోంచి ఇద్దరు ఆడ ఆఫీసర్లు దిగారు. బయటికి తీసుకొచ్చిన ఏజెంట్‌కి కొత్త పేరు, కొత్త ఊరు. అదెక్కడో దగ్గరివాళ్లకి మాత్రమే చెబుతారు. ఆఫీసర్ ఒకావిడ ఫారం చేతికిచ్చి, "భర్త అయితే ఇక్కడ, కాకపోతే ఇక్కడ సంతకం చెయ్యండి సార్" అంది మామూలుగా. ఫిన్నీ కృప వైపు చూశాడు. ఆమె ఈసారి చూపు తిప్పుకోలేదు, మాట్లాడలేదు. ఆ మౌనం చివరిదాకా విన్నాడు. ప్లాస్టర్ చేత్తోనే వంకరగా రెండో గడిలో సంతకం పెట్టాడు.

కారు వెళ్లిపోయింది. బండివాడు వచ్చి, అమ్మగారు రసం తాగనే లేదండీ అన్నాడు.

*

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆటోనగర్‌లో సనోబర్ కొత్త నాయిస్ బాక్స్ ముందు కూర్చుని ఉంది. ఫిన్నీ ప్లాస్టర్ తీసేశాడు. దురద ఇంకా పోలేదు. ఉయ్యూరు ఇంట్లో పెట్టెలోకి కార్డు తిరిగి చేరింది. గడప పక్కన చెప్పులు మాత్రం తీయలేదు, తీద్దామని రెండుసార్లు వంగాడు.

టక్కున ఫ్యాన్ ఆగింది. సనోబర్ ఫోన్ టింగుమంది: "మీకు కరెంటు ఉందా?" వెంటనే నాలుగు "లేదు"లు, రెండు దణ్ణాలు.

"సార్, ఇది మాత్రం నిజంగా కరెంటు పోవడమేనండీ. కోసెయ్యనా?"

"వద్దమ్మా. ఉండనీ. కాసేపు విందాం."

చీఫ్ మెట్ల మీంచి గ్రీజు చేతులతో తొంగిచూశారు. "అందులో వినడానికేముందయ్యా?"

"ఏమీ లేదు సార్," అన్నాడు ఫిన్నీ. "ప్రాక్టీస్ చేస్తున్నా."